గుర్రుమనని కుక్క

ఆ మూడో అంతస్తు ఇంట్లో అరవై కిలోల కుక్క ఉందని చెబితే కొత్తవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. మెట్లెక్కి వస్తుంటే మొరుగుడు వినిపించదు. తలుపు తడితే లోపల గచ్చు మీద గోళ్ళ చప్పుడు తప్ప మరేమీ రాదు. తలుపు తెరుచుకున్నాక మాత్రం గుమ్మానికి అడ్డంగా, దూడకున్నంత తలతో, నోరు మూసుకుని నిలబడి ఉండేది. వచ్చినవాళ్ళు రెండు మెట్లు వెనక్కి దిగేవాళ్ళు. ఇంటాయన నవ్వేవాడు. "భయపడకండి, మా బండోడికి నోట్లో నాలుక లేదు," అనేవాడు.

మన జనానికి నోరెత్తనివాళ్ళంటే మహా ముద్దు. నోరెత్తని పిల్లాడు బుద్ధిమంతుడు, నోరెత్తని కోడలు ఇంటికి దీపం, నోరెత్తని గుమాస్తా ఆఫీసుకి ఆస్తి. ఇక నోరెత్తని కుక్క దొరికితే ఆగుతారా? ట్రైనింగ్ అంటే ఇదీ అని ఒకరు, మా కుక్కకీ నేర్పవయ్యా అని మరొకరు. ఆ మెప్పులు వినీ వినీ ఇంటాయన కాళ్ళు నేల మీద ఆనడం మానేశాయి.

ఆయన లిఫ్ట్ మెకానిక్. నలభై భవనాల్లో జనం ఎక్కడం దిగడం ఆయన చేతి చలవే. భార్య మందుల షాపులో పనిచేస్తుంది. నాలుగేళ్ళ కూతురికి సొంత పేరు ఒకటి ఉందిగానీ, స్కూలు రిజిస్టరులో తప్ప ఎవరూ దాన్ని వాడిన పాపాన పోలేదు. ఇంటా బయటా ఆ పిల్ల పేరు పిడుగు. పిడుగుకి రెండేళ్ళు నిండుతున్న రోజుల్లో బండోడు ఆ ఇంటికి వచ్చాడు. వచ్చినప్పుడు చెప్పుల డబ్బాలో పట్టాడు. ఏడాది తిరిగేసరికి సోఫాలో పట్టలేదు.

మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్నది మెకానిక్ సిద్ధాంతం. అందుకని కూర్చోవడం, పడుకోవడం, గొలుసు లాగకుండా నడవడం అన్నీ చిన్నప్పుడే నేర్పాడు. ఆ మేరకు వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా ఏడాదిన్నర వయసులో వచ్చింది. ఒకరోజు బండోడు తింటున్న గిన్నె మీదికి పిడుగు వంగింది. బండోడు తల ఎత్తకుండా గొంతులోంచి చిన్నగా గుర్రుమన్నాడు.

మెకానిక్ ఒక్క అంగలో వచ్చి మూతి మీద అరచేత్తో చరిచాడు. "నోరు!" అన్నాడు.

ఆ తర్వాత ఎప్పుడు గుర్రుమన్నా అదే చెయ్యి, అదే మాట. మొరిగినా అంతే. కింది ఇంట్లో ఉండే పెద్దాయన చప్పుడుకి నిద్ర పట్టడం లేదని అప్పటికే రెండుసార్లు మొహం మాడ్చుకుని వెళ్ళాడు. అది కూడా కలిసి వచ్చింది. నెల తిరిగేసరికి కొట్టక్కర్లేకపోయింది, చెయ్యెత్తితే చాలు. ఇంకో నెలకి చెయ్యి కూడా అక్కర్లేదు. కుక్క గుర్రుమనడం మరిచిపోయిందనుకున్నారు ఇంట్లోవాళ్ళు. అది మరిచిపోలేదు, మానుకుంది. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో ఆ ఇంటికి ఆరు నెలల తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మెకానిక్ బావమరిది వచ్చాడు. కుక్కలంటే ప్రాణం పెట్టే మనిషి. బండోడు టేబుల్ కింద ఎముక కొరుక్కుంటున్నాడు. బావమరిది మోకాళ్ళ మీద వంగి, "ఏరా పెద్దమనిషీ," అంటూ మెడ చుట్టూ చెయ్యి వేశాడు. ఏ చప్పుడూ కాలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, చొక్కా మీద ఎర్రగా కారుతున్నది చూసుకున్నాక గానీ కరిచిందని అతనికే తెలియలేదు. బండోడు మళ్ళీ ఎముక మీద తల పెట్టుకున్నాడు.

ఏడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి బెంచీ మీద తెల్లబోయి కూర్చుని బావమరిది అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు.

"గుర్రుమనైనా అనలేదు బావా. కనీసం గుర్రుమంటే తీసేసుకునేవాణ్ణిగా చెయ్యి."

ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని, నిద్రపోతున్న పిడుగు పక్కన కూర్చుని భార్య అంది.

"మా తమ్ముడి చెయ్యి కాబట్టి కుట్లతో పోయింది. ఈ పిల్ల ఎత్తుకి దాని నోటికి మొహం అందుతుందండీ."

మెకానిక్ పిల్ల మొహం వంక చూసి చూపు తిప్పుకున్నాడు.

"స్కూలు సెలవులకి ఇంకా రెండు నెలల పైన ఉంది," అంది ఆమె. "సెలవులిస్తే ఇది పొద్దస్తమానం ఇంట్లోనే. ఆ లోపల ఏం చేయిస్తారో చేయించండి. నమ్మకం కుదిరితే ఉంచుదాం. లేకపోతే బండోడు ఈ ఇంట్లో ఉండడు. మీరు ఏడ్చినా సరే, నేను ఏడ్చినా సరే."

ఆమె ఏడుస్తూనే ఉంది. ఆ కుక్కకి చిన్నప్పుడు పాలసీసా పట్టింది ఆవిడే మరి.

అలా వచ్చింది టీచరమ్మ. ఆమె బడిలో ఏనాడూ పాఠం చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా పెద్ద జాతి కుక్కలకి నేర్పుతుంది కాబట్టి ఆ పేరు. అరవై దాటిన మనిషి, పొట్టిగా, జేబుల చొక్కాలో ఉంటుంది. ఇంట్లోకి వచ్చి బండోడి వైపు చూడను కూడా చూడలేదు. దానికి పక్కగా తిరిగి గచ్చు మీద కూర్చుని, గోడకి చెప్పినట్టు మాట్లాడింది. బండోడు వచ్చి ఆమె భుజం వాసన చూసి వెళ్ళి తన చాప మీద పడుకున్నాడు.

"ఇది మాట్లాడటం ఎప్పుడు మానేసింది?" అంది.

"ఏడాదిన్నరప్పుడు బాగా గుర్రుమనేది మేడమ్. నేనే మాన్పించాను." ఇంత జరిగాక కూడా ఆ మాటలో కాస్త గర్వం ఉంది.

"ఎలా?"

మెకానిక్ చెయ్యెత్తి చూపించాడు. అంతే. హాలు అవతలి కొసన చాప మీద బండోడి చెవులు తలకి అతుక్కుపోయాయి. తల పక్కకి తిప్పుకుని, కళ్ళలో తెల్లగుడ్డు కనబడేలా ఇటు చూస్తూ, పెదాలు ఒకసారి నాక్కున్నాడు. గొంతు దగ్గర చిన్న కదలిక కనబడింది. గుటక వేసినట్టు.

"చెయ్యి దించండి బాబూ," అంది టీచరమ్మ నెమ్మదిగా. "చూశారా? గొంతులోకి వచ్చిన గుర్రుని మింగేసింది."

"అదేగా మేడమ్ ట్రైనింగు. మొరిగే కుక్క కరవదంటారు. అసలు మొరగడమే లేకపోతే..."

"సామెత సగంలో ఆపారు. కరిచే కుక్క మొరగదు. అది రెండో సగం." ఆమె నవ్వలేదు. "గుర్రుమనడం అంటే కుక్క మనకిచ్చే మర్యాద బాబూ. నాకు ఇబ్బందిగా ఉంది, కాస్త జరుగు అని అడగడం. మీరు ఆ అడగడం మాన్పించారు. ఇబ్బంది మాన్పించారా?"

మెకానిక్ చాప వైపు చూశాడు.

"దాని తిండి మీదికి పిల్ల వస్తే ఇప్పటికీ దానికి భయమే. చెప్పుకుందామంటే దెబ్బ. చెప్పుకోవడానికీ కరవడానికీ మధ్య ఉన్న మెట్టు మీరు తీసేశారు. ఇక మిగిలింది పన్ను. మీ బావమరిదికి తగిలింది అదే."

టీచరమ్మ వెళ్ళాక మెకానిక్ రుసరుసలాడాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆయన. ఇన్నేళ్ళు కుక్కలతో పడి ఉన్నావిడ కుక్క పక్షమే మాట్లాడుతుందని, గుర్రుమనడం మాన్పించినవాడికి కరవడం మాన్పించడం ఎంతసేపని భార్యతో అన్నాడు. ఆమె గిన్నెలు ఇంకాస్త గట్టిగా తోమింది.

మర్నాడు ఒక అయిదంతస్తుల భవనం నుంచి పిలుపొచ్చింది. లిఫ్టులో బరువు ఎక్కువైతే కూత వస్తుంది. ఆ కూత రోజూ పొద్దున్న ఆఫీసుల వేళ మోగుతూ కింది వాటా వాళ్ళ ప్రాణం తీస్తోందట. భవనం సెక్రటరీ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"లిఫ్టు బాగానే ఉంది బాబూ. ఆ కూత ఒక్కటీ తీసెయ్. రెండు వైర్లేగా."

ఇది మెకానిక్ కి కొత్త కాదు. ఏడాదికి పదిమంది అడుగుతారు. పదిమందికీ ఒకటే పాఠం అప్పజెబుతాడు. ఆ రోజూ డబ్బా మూత తీసి, స్క్రూడ్రైవర్ ఊపుతూ మొదలుపెట్టాడు.

"కూత తీసేస్తే బరువు తగ్గుతుందా సార్? బరువు బరువుగానే ఉంటుంది. మీకు తెలియకుండా పోతుంది, అంతే. పాపం అది ముందే చెబుతోంది, దాని నోరు నొక్కేసి..."

అక్కడ మాట ఆగిపోయింది.

సెక్రటరీ కాసేపు చూశాడు. "ఏమైంది బాబూ? కరెంటు కొట్టిందా?"

మెకానిక్ డబ్బా మూత కూడా పెట్టకుండా వెళ్ళి మెట్ల మీద కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళ పనిలో ఒక్క వైరు కొయ్యని చెయ్యి అది. ఇంట్లో, కన్నకూతురు తిరిగే ఇంట్లో, ఆ చెయ్యే కోసేసింది. ఫోన్ తీసి టీచరమ్మకి చేశాడు.

"టీచరమ్మా, వైరు నేనే కోశాను," అన్నాడు.

"ఏ వైరయ్యా? ఎవరు మాట్లాడేది?" అంది ఆవిడ.

ఆ వారమే వంటింటి గుమ్మానికి నడుమెత్తు ఇనుప జాలీ గేటు బిగించాడు. బండోడి భోజనం ఇకనుంచి గేటు అవతల, ఒంటరిగా. బయటికి వెళ్ళేటప్పుడు మూతికి బుట్ట. అది శిక్ష అనిపించకూడదని టీచరమ్మ వారం రోజులు ఆ బుట్టలోనే మాంసం ముక్కలు పెట్టి తినిపించింది. ఆ తర్వాత బుట్ట చూస్తే చాలు, బండోడే మూతి దూర్చేవాడు. గిన్నె దగ్గర ఒక ఆట. మెకానిక్ దూరం నుంచి నడుచుకుంటూ వచ్చి, గిన్నెలో ఉన్నదానికంటే మంచి ముక్క విసిరి, ఆగకుండా వెళ్ళిపోవాలి. మనిషి వస్తే పోయేది ఏమీ లేదు, వచ్చేదే ఉందని కుక్కకి తెలియాలి. దాని నోట్లో ఉన్నది లాక్కోకూడదు, ఇంకొకటిచ్చి మార్చుకోవాలి. పిలిస్తే రావడం కూడా మొదటి నుంచి నేర్పింది. వచ్చిన ప్రతిసారీ పండగ చెయ్యాలంది. వచ్చాక తిట్టావో, ఇంక జన్మలో రాదంది.

"ఇంకోటి," అంది. "నాకు మీ కుక్క మీద నమ్మకం ఉంది గానీ మీ కుడిచెయ్యి మీద లేదు. ఇంట్లో ఉన్నంతసేపూ అది జేబులో ఉండాలి."

భోజనానికి తప్ప బయటికి తియ్యకుండా నెల్లాళ్ళు జేబులోనే ఉంచుకున్నాడు. కింది పెద్దాయనకి ఇదంతా చూసి నవ్వాగలేదు. "ఊళ్ళోవాళ్ళు కుక్క నోరు మూయించడానికి మాస్టార్లని పెట్టుకుంటారు. నువ్వు తెరిపించడానికి పెట్టుకున్నావా అబ్బాయ్? వెర్రి వేయి విధాలంటే ఇదే," అన్నాడు.

పిడుగుకీ పాఠాలయ్యాయి. బండోడు తినేటప్పుడు వెళ్ళకూడదు, పడుకున్నప్పుడు వెళ్ళకూడదు, ఏదైనా కొరుక్కుంటుంటే అసలు వెళ్ళకూడదు. పిడుగు ప్రతిదానికీ తలూపింది. నాలుగేళ్ళ పిల్ల తలూపితే బుర్రకెక్కిందనుకోవడం పెద్దవాళ్ళ తెలివితక్కువ. ఏం చెయ్యకూడదో పిల్లకి చెప్పారు. ఇన్నాళ్ళూ ఏం చూసిందో ఎవరూ అడగలేదు.

"ఇది నోరు విప్పి గుర్రుమన్న రోజు నాకు ఫోన్ చెయ్యండి," అంది టీచరమ్మ. "అప్పుడు మీ ఆవిడకి నేనే చెబుతాను, ఉంచుకోవచ్చని. చెప్పే కుక్కతో బతకొచ్చు. చెప్పని కుక్కతో, పిల్లున్న ఇంట్లో, నేనైతే ఒక్కరోజు ఉండను."

వారాలు గడిచాయి. బండోడు హుషారయ్యాడు, పిలిస్తే తోకూపుకుంటూ వచ్చేవాడు, గిన్నె దగ్గర మెకానిక్ అడుగుల చప్పుడు వినగానే మొహం వెలిగేది. గుర్రుమనడం మాత్రం లేదు. అయిదో వారంలో టీచరమ్మ కావాలనే ఎముకకి రెండడుగుల దూరంలో కాలు పెట్టింది. బండోడి ఒళ్ళు కర్రలా బిగిసింది. గొంతు దగ్గర ఆ కదలిక. చప్పుడు లేదు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. "ఇంకా మింగుతోంది," అంది.

ఒకసారి ఆ గుటక గుర్తుపట్టాక మెకానిక్ కి అది ఎక్కడ పడితే అక్కడ కనబడసాగింది. మిక్సీ తిరిగితే గుటక. కింది పెద్దాయన గుమ్మంలోకి వస్తే గుటక. పిడుగు పక్కనుంచి పరుగెడితే గుటక. పిడుగు దాని తోక దాటితే గుటక. ఒక సెలవురోజు ఇంట్లో కూర్చుని లెక్కపెట్టాడు. సాయంత్రానికి ఇరవై దాటాయి. ఇన్ని నెలలుగా రోజుకి ఇరవైసార్లు ఆ ఇంట్లో ఒక కాటు తప్పిపోతూ వచ్చింది. తాము ఆ పక్కనే కూర్చుని టీవీ చూస్తున్నారు. అప్పట్నుంచి పనిలో ఉన్నా ఆయన మనసు ఇంటి మీదే ఉండేది.

సెలవులకి ఇంకా మూడు రోజులుంది. శనివారం. పిడుగుకి బడి లేదు, భార్య షాపుకి వెళ్ళింది. బండోడు హాల్లో తన చాప మీద ఎముకతో ఉన్నాడు, హాలుకీ పడగ్గదికీ మధ్య తలుపు వేసి ఉంది, పిడుగు పడగ్గదిలో బొమ్మలతో ఉంది. అన్నీ చూసుకునే మెకానిక్ గడ్డం గీసుకోవడానికి బాత్రూంలోకి వెళ్ళాడు. సబ్బు నురగ ఒక చెంపకి పట్టించాడు.

అప్పుడు వినబడింది.

మొదట ఏమిటో అర్థం కాలేదు. నేల అడుగున ఏదో మోటారు తిరిగినట్టు, సన్నగా, ఆగకుండా. ఆ తర్వాత తెలిసింది. ఎనిమిది వారాలు, అరవై మాంసం పొట్లాలు, జేబులో దాచిన చెయ్యి. బండోడు గుర్రుమంటున్నాడు! మెకానిక్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కన్నబిడ్డ మొదటిసారి నాన్నా అన్నప్పుడు కూడా అంత పొంగిపోలేదు. బ్రష్ చేత్తోనే బయటికి వచ్చాడు.

పడగ్గది తలుపు తీసి ఉంది. పిడుగు చాప అంచున నిలబడి ఉంది. బండోడు ఎముక మీద గడ్డం ఆనించి, పిల్ల మోకాళ్ళ వంక చూస్తూ గుర్రుమంటున్నాడు. ఎంత చక్కగా చెబుతున్నాడో. నాకు ఇబ్బందిగా ఉంది, కాస్త జరుగు. ఇంక చెయ్యవలసింది ఒక్కటే, పిల్లని ఇటు పిలవడం. టీచరమ్మ వందసార్లు చెప్పింది. మెకానిక్ నోరు తెరిచాడు.

ఆ లోపల పిడుగు చెయ్యెత్తింది.

వేళ్ళు దగ్గరికి చేర్చి, అరచెయ్యి చాపి, మోచెయ్యి వెనక్కి లాగి. "నోరు!" అంది. పిల్ల గొంతే. మాట మాత్రం అచ్చం తండ్రిది.

గుర్రుమనడం టక్కున ఆగిపోయింది.

బండోడి చెవులు తలకి అతుక్కున్నాయి. కళ్ళలో తెల్లగుడ్డు తేలింది. మూతి మూసుకుంది. గొంతు దగ్గర కదిలింది. ఎత్తిన ఆ చిన్న చేతికీ దాని మూతికీ మధ్య జానెడు దూరం లేదు. చేతికి వెనకాల పిల్ల మొహం ఉంది.

మెకానిక్ ఎనిమిది అడుగుల దూరంలో ఉన్నాడు. పరుగెడితే అయిపోతుంది. అరిస్తే అయిపోతుంది. ఒళ్ళంతా పరుగెత్తు పరుగెత్తు అంటుంటే ఉన్నచోటే మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకి తిరిగి, నేల మీద వేళ్ళతో తట్టాడు. గొంతు వణకకుండా చూసుకోవడానికి ఆయన పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

"బండోడా," అన్నాడు, రోజూ మాంసం ముక్క ఇచ్చేటప్పటి గొంతుతో. "రా నాన్నా. రా."

బండోడు కదల్లేదు. ఎత్తిన చెయ్యి వంకే చూస్తున్నాడు.

"రా మా బంగారం. ఇటు రా."

ఒక చెవి ఇటు తిరిగింది. ఎంతసేపటికో. లేచాడు. ఎముక వదిలి, పిల్లకి దూరంగా గోడ వారన నడిచి వచ్చి, మెకానిక్ చంకలో తల దూర్చాడు. ఒళ్ళంతా వణుకుతోంది. కుక్కదో, మనిషిదో, ఆ వణుకు ఎవరిదో చెప్పడం కష్టం. మెకానిక్ దాన్ని మెడపట్టీ పట్టుకుని వంటింట్లోకి నడిపించి, ఫ్రిజ్‌లో ఉన్న మాంసమంతా గిన్నెలో బోర్లించి, గేటు వేసి గడియ పెట్టాడు. అప్పుడు గేటుకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

పిడుగు పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నేనే ఆపేశా నాన్నా! నువ్వు లేవుగా, నేనే ఆపేశా. చూశావా?"

"చూశాను తల్లీ," అన్నాడు.

మధ్యాహ్నం భార్య వచ్చింది. చెప్పులు విడుస్తూనే, రోజూ అడిగినట్టే అడిగింది. "ఇవాళైనా అన్నాడా?"

అన్నాడు. అది నిజమే. టీచరమ్మ పెట్టిన షరతు అదొక్కటే, అది తీరింది. ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే బండోడు ఈ ఇంట్లోనే ఉంటాడు. సాయంత్రం షికారుకి వెళ్ళొచ్చు. పిల్లకి నెమ్మదిగా నేర్పుకోవచ్చు. మెకానిక్ నాలుక చివరిదాకా వచ్చింది ఆ సగం నిజం. గేటు అవతల నుంచి బండోడు తోకాడిస్తూ ఆయన వంకే చూస్తున్నాడు.

"అన్నాడు," అన్నాడు మెకానిక్. "మన పిల్ల నోరు మూయించింది."

జరిగింది జరిగినట్టు చెప్పాడు. భార్య చేతిలోని సంచీ జారి కింద పడింది. ఎత్తలేదు.

టీచరమ్మ సాయంత్రం వ్యానేసుకుని వచ్చింది. విన్నంతసేపూ నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఎవరినీ ఏమీ అనలేదు. అంటే బాగుండునని మెకానిక్ కి అనిపించింది.

"బండోడు తన పాఠం నేర్చుకున్నాడు," అంది చివరికి. "మళ్ళీ నోరు విప్పాడు. నోరు విప్పినందుకు దానికి ఇంకో దెబ్బ పడినంత పనయింది. ఇంకొక్కసారి ఇలా అయితే ఇక ఎప్పటికీ చెప్పడు. నా దగ్గర పిల్లల్లేరు. కొన్నాళ్ళు ఉంచుకుంటాను."

"ఎన్నాళ్ళు టీచరమ్మా?" అంది భార్య.

"కుక్కకైతే చెప్పగలను. పిల్లకి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదమ్మా."

బండోడు బుట్టలో తనే మూతి దూర్చాడు. షికారనుకుని మెట్లు గబగబా దిగాడు. వ్యాను తలుపు మూసుకున్నాక గానీ పిడుగుకి సంగతి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంక ఆపడం ఎవరి తరం? మూడో అంతస్తు మెట్ల మీద నిలబడి, "నా బండోడు! నా బండోడు కావాలి!" అని గొంతు చించుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకి మెట్ల గోడలు మారుమోగాయి. కింద పెద్దాయన తలుపు తెరుచుకున్న చప్పుడు.

మెకానిక్ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన ఏనాడూ కూతురి మీద చెయ్యి చేసుకోలేదు. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు, కావాలంటే ఒట్టు. బుగ్గల మీద కారుతున్న నీళ్ళు తుడుద్దామని కుడిచెయ్యి పైకెత్తాడు.

ఏడుపు ఆగిపోయింది.

పిడుగు పెదాలు గట్టిగా మూసుకుంది. తల కాస్త పక్కకి తిరిగింది. కళ్ళు మాత్రం తండ్రి అరచేతి మీదే ఉన్నాయి. ఆ సన్నటి గొంతు దగ్గర చిన్న కదలిక. గుటక వేసింది.

మెకానిక్ చెయ్యి వెనక్కి లాగేసుకుని వీపు వెనక దాచుకున్నాడు. "ఏడువు తల్లీ," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "ఏడువమ్మా. గట్టిగా ఏడువు. ఎవరేమనుకున్నా సరే."

పిల్ల అడ్డంగా తలూపింది.

"ఏడవట్లేదు నాన్నా," అంది, చాలా మెల్లగా. "నేనేం అనట్లేదు."